రష్యన్ సాహిత్యం కోర్సు తీసుకుంటున్నారా: పేజీల లెక్క, పేర్ల పట్టిక, పేపర్, పరీక్ష

యూనివర్సిటీలో రష్యన్ సాహిత్యం కోర్సు తీసుకున్నవాళ్ళు దెబ్బతినేది సాధారణంగా తత్వచర్చల దగ్గర కాదు. మూడో వారానికి చదవాల్సిన పేజీలు పేరుకుపోతాయి. ఐదో వారానికి నవలలో ఎవరు ఎవరో తెలియదు. పేపర్ రాసే రోజు వచ్చేసరికి చేతిలో కథా సారాంశం తప్ప ఇంకేమీ ఉండదు. దేవుడు, పాపం, బాధ, రష్యన్ ఆత్మ లాంటి పెద్ద మాటలతో ఆ ఖాళీ నింపుతారు, మార్కులు అక్కడే పోతాయి. ఈ కోర్సులో నెగ్గేది పేజీల లెక్క ముందే వేసుకుని, పెన్సిల్ పట్టుకుని, చిన్న చిన్న భాగాలను దగ్గరగా చదివేవాళ్ళు.

సిలబస్ చేతికి రాగానే

అన్నిటికీ రష్యన్ సాహిత్యం అనే పేరే ఉన్నా కోర్సులు రకరకాలు. 19వ శతాబ్దపు సర్వే కోర్సు పుష్కిన్‌తో మొదలై చెహోవ్‌తో ముగుస్తుంది. 20వ శతాబ్దపు కోర్సు బ్లోక్, అఖ్మతోవా, జమ్యాతిన్‌లతో మొదలై సోల్జెనిత్సిన్ దాకానో, సోవియట్ యూనియన్ పతనం దాకానో వెళ్తుంది. టాల్‌స్టాయ్ ఒక్కడే, దొస్తొయెవ్‌స్కీ ఒక్కడే అని ఒకే రచయిత మీద నడిచేవి మూడో రకం. మొదటి రెంటిలో వైవిధ్యం ఎక్కువ, లోతు తక్కువ. మూడో రకంలో చదవాల్సిన బరువే ఎక్కువ. మొదటిసారి తీసుకునేవాళ్ళకు 19వ శతాబ్దపు సర్వే మంచిది. తర్వాత వచ్చినవాళ్ళంతా పుష్కిన్, గొగోల్‌లతో ఏదో ఒక మాట కలుపుతూనే ఉంటారు కాబట్టి 20వ శతాబ్దంతో మొదలుపెడితే సగం సూచనలు అందవు.

అనువాదంలో చదివే కోర్సా, రష్యన్‌లోనే చదివే కోర్సా అన్నది తప్పకుండా చూసుకోండి. రష్యన్‌లో అయితే కనీసం మూడేళ్ళు భాష నేర్చుకుని ఉండాలి. అప్పుడు కూడా పుష్కిన్ వచనం, చెహోవ్ కథలు అందుతాయి గానీ గొగోల్, లెస్కోవ్ కొరుకుడుపడరు.

ఇక పేజీల లెక్క. మామూలు ఇంగ్లీషు పేపర్‌బ్యాకుల్లో టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’ సుమారు 1200 పేజీలు. ఆయనదే ‘అన్నా కరేనినా’ 800, దొస్తొయెవ్‌స్కీ ‘కరమజోవ్ సోదరులు’ దాదాపు అంతే, ‘నేరము–శిక్ష’ 500 పైన. ‘తండ్రులు–కొడుకులు’ 200కి కాస్త అటూ ఇటూ, ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ 50–60. ముందు మీ వేగం కొలుచుకోండి. గడియారం పెట్టుకుని, పెన్సిల్‌తో గుర్తులు పెడుతూ ఇరవై పేజీలు చదవండి. ఎక్కువమందికి గంటకు 25 పేజీల దగ్గర తేలుతుంది. వేగంగా చదివే అలవాటు ఉన్నవాళ్ళు కూడా గంటకు 40 అని లెక్క వేసుకోకూడదు. డిటెక్టివ్ నవల చదివే వేగం ఇక్కడ చెల్లదు.

‘అన్నా కరేనినా’కి మూడు వారాలు ఇచ్చారనుకుందాం. వారానికి ఆరు రోజులే చదువుతామని పెట్టుకుంటే 18 రోజులు. నవలలో 8 భాగాలు, 239 అధ్యాయాలు. రోజుకు 13 లేదా 14 అధ్యాయాలు, సుమారు 45 పేజీలు, రెండు గంటల లోపు పని. ఏడో రోజు ఖాళీగా ఉంచాలి, విశ్రాంతికి కాదు, తప్పిపోయిన రోజును పూడ్చుకోవడానికి. ‘యుద్ధము–శాంతి’ 361 అధ్యాయాలు. నాలుగు వారాలు ఇస్తే 24 రోజులకు రోజుకు 15. టాల్‌స్టాయ్ అధ్యాయాలు చిన్నవి కాబట్టి ఈ లెక్క బాగా నడుస్తుంది. దొస్తొయెవ్‌స్కీ అధ్యాయాలు పొడుగు, మధ్యలో ఆపితే సంభాషణ తెగిపోతుంది. అక్కడ పేజీలతో కాకుండా పూర్తి అధ్యాయాలతోనే ప్రణాళిక వేసుకోవాలి. ఇలాంటి రెండు నవలలున్న కోర్సును మరో పెద్ద నవలల కోర్సుతో కలిపి ఒకే సెమిస్టర్‌లో తీసుకోవద్దు. సెలవుల్లోనే జాబితాలోని అతి పొడుగు నవల మొదటి 200 పేజీలు చదివేస్తే సగం భారం తగ్గుతుంది. ‘యుద్ధము–శాంతి’లో కష్టమంతా ఆ మొదటి 200 పేజీల్లోనే ఉంది, ఎందుకంటే అందులోనే అందరూ పరిచయమవుతారు.

ఎంత ప్రణాళిక వేసినా ఎక్కడో ఒకచోట వెనకబడతారు. అప్పుడు ఏది దాటవేయాలో తెలియాలి. ‘యుద్ధము–శాంతి’ ఉపసంహారంలో రెండో భాగం చరిత్ర మీద వ్యాసం, పాత్రలు లేవు. అది తర్వాత చదవొచ్చు. ‘అన్నా కరేనినా’ మూడో భాగంలో లేవిన్ రైతులతో గడ్డి కోసే అధ్యాయాలు మాత్రం దాటవద్దు. ఒకే నవలలో రెండు కథలు ఎందుకు అన్న ప్రశ్న దాదాపు ప్రతి పరీక్షలో వస్తుంది, జవాబుకు ముడిసరుకు అక్కడ ఉంది. ‘కరమజోవ్ సోదరులు’లో విద్యార్థులు ఎక్కువగా ఎగ్గొట్టేది ఆరో పుస్తకం, అంటే సన్యాసి జోసిమా జీవితం, బోధలు. అయిదో పుస్తకంలోని ‘మహా విచారణాధికారి’కి జవాబుగానే దొస్తొయెవ్‌స్కీ దాన్ని రాశాడు. ఒకటి చదివి రెండోది వదిలేస్తే వాదంలో సగమే విన్నట్టు.

ఏ అనువాదం

సిలబస్‌లో చెప్పిన అనువాదమే, చెప్పిన ఎడిషనే తీసుకోండి. క్లాసులో “312వ పేజీ చూడండి” అనగానే చూడగలగాలి. అది దొరక్కపోతే పేజీలను నమ్ముకోకుండా భాగం, అధ్యాయం సంఖ్యలతో పని నడపండి. ‘నేరము–శిక్ష’ ఆరు భాగాలు, ఒక ఉపసంహారం. సోన్యా లాజరస్ కథ చదివే ఘట్టం నాలుగో భాగం నాలుగో అధ్యాయమని రాసుకుంటే ఏ ఎడిషన్‌లోనైనా దొరుకుతుంది.

అనువాదకుల్లో తేడాలు నిజంగానే పెద్దవి. కాన్‌స్టన్స్ గార్నెట్ అనువాదాలు సాఫీగా సాగుతాయి. కానీ టాల్‌స్టాయ్, దొస్తొయెవ్‌స్కీ ఇద్దరి గొంతూ ఒకేలా వినిపిస్తుందన్న విమర్శ పాతదే, న్యాయమైనదే. లూయీజ్, ఎయిల్మర్ మోడ్ దంపతులు టాల్‌స్టాయ్‌ని స్వయంగా ఎరుగుదురు. పీవియర్, వొలొఖోన్‌స్కీ జంట మూలంలోని పునరుక్తులను, మొరటుదనాన్ని అలాగే ఉంచడానికి చూస్తారు, అందుకే కొన్నిచోట్ల ఇంగ్లీషు ఎగుడుదిగుడుగా ఉంటుంది. పుష్కిన్ పద్యనవల ‘యెవ్‌గేనీ ఒనేగిన్’కి నబొకోవ్ 1964లో ఇచ్చిన నాలుగు సంపుటాల అనువాదం అర్థానికి కట్టుబడి ప్రాసను వదిలేసింది. జేమ్స్ ఫాలెన్ ప్రాసను నిలబెట్టాడు. పద్యంగా చదవడానికి ఫాలెన్, ఒక పంక్తిలో అసలేముందో చూడటానికి నబొకోవ్.

బుల్గాకోవ్ ‘మాస్టర్, మార్గరీట’ విషయంలో ఇంకో చిక్కుంది. ఆ నవల 1966–67లో ‘మస్క్వా’ పత్రికలో కోతలతో వచ్చింది. 1967లో మిర్రా గిన్స్‌బర్గ్ చేసిన ఇంగ్లీషు అనువాదం ఆ కోతపడ్డ పాఠం నుంచి చేసినదే. పాత కాపీ చవగ్గా దొరికిందని కొంటే క్లాసులో చర్చించే పేరాలు కొన్ని మీ పుస్తకంలో ఉండవు.

మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు సోవియట్ కాలంలో వేసిన తెలుగు అనువాదాలు దొరికితే మొదటి చదువుకి వాడుకోండి. కథ, మనుషులు, వాతావరణం త్వరగా మనసుకెక్కుతాయి. పేపర్‌లో ఉదహరించడానికి మాత్రం కోర్సు భాషలోని పాఠమే.

ఒక్క మాట మీద వాదం కట్టాలనిపించినప్పుడు అదే పేరాను రెండు అనువాదాల్లో పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింటిలో ఆ మాట వేరుగా ఉంటే అది అనువాదకుడి ఎంపిక, రచయితది కాకపోవచ్చు. అక్కడ వాదం కట్టవద్దు. దృశ్యాల క్రమం, ఎవరి చూపులోంచి చెబుతున్నారు, ఏ వస్తువు మళ్ళీ మళ్ళీ వస్తోంది లాంటివి అనువాదంలో చెక్కుచెదరవు. వాటిమీద ఎంత బరువైనా పెట్టొచ్చు.

పేర్లు

రష్యన్ పేరులో మూడు భాగాలు: సొంత పేరు, తండ్రి పేరు నుంచి వచ్చిన పేరు, ఇంటిపేరు. వీటికి తోడు ముద్దుపేర్లు. రోద్యోన్ రొమానొవిచ్ రస్కోల్నికొవ్‌ని తల్లి రోద్యా అంటుంది. అవ్దోత్యా రొమానొవ్నా అతని చెల్లెలు, ఆమే దూన్యా, ఆమే దూనెచ్కా. ద్మీత్రి కరమజోవ్ మీత్యా, మీతెంకా. అగ్రఫేనా అలెగ్జాండ్రొవ్నా గ్రూషెంకా. ఇవి మారిపోయే మారుపేర్లు కావు. ఎవరు, ఎప్పుడు, ఏ పేరుతో పిలిచారన్నది దూరాన్నో చనువునో కొలిచి చెబుతుంది.

ఆరు గళ్ళ పట్టిక గీయండి: ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు, ముద్దుపేర్లు, ఎవరికి ఏమవుతారు. చివరి గడిలో మొదటిసారి కనిపించిన భాగం, అధ్యాయం రాసుకోండి. ఎడిషన్ మొదట్లో ఇచ్చే పాత్రల జాబితా ఉంటే ఉండనివ్వండి గానీ అది చాలదు. అందులో ముద్దుపేర్లు తరచూ వదిలేస్తారు, కొన్నిసార్లు కథ కూడా బయటపెడతారు.

తండ్రి పేరు ఉపయోగం పెద్దది. అన్నా అర్కాద్యెవ్నా, స్తెపాన్ అర్కాద్యిచ్ అన్నాచెల్లెళ్ళని ఆ పేర్లే చెబుతాయి. అక్కడే ఉచ్చు కూడా ఉంది. డాలీ, కిట్టీ ఇద్దరూ అలెగ్జాండ్రొవ్నాలు, అక్కచెల్లెళ్ళు. కరేనిన్ కూడా అలెగ్జాండ్రొవిచే, కానీ వాళ్ళకు తోబుట్టువు కాదు. ‘నేరము–శిక్ష’లో పొర్ఫీరీ పెత్రోవిచ్ విచారణ అధికారి, ప్యోతర్ పెత్రోవిచ్ లూజిన్ దూన్యాని పెళ్ళాడతానని వచ్చినవాడు, ఇల్యా పెత్రోవిచ్ పోలీస్ స్టేషన్‌లోని కోపిష్ఠి అధికారి. ముగ్గురికీ ఏ సంబంధమూ లేదు. పొర్ఫీరీకి నవలలో ఇంటిపేరే లేదు, వెతుక్కుని సమయం పోగొట్టుకోవద్దు. ‘అన్నా కరేనినా’లో భర్తా అలెక్సేయే, ప్రియుడూ అలెక్సేయే. ఇది రచయిత ఏమరుపాటు కాదు. జ్వరంలో అన్నా ఆ సంగతి తానే పైకి అంటుంది. ‘యుద్ధము–శాంతి’లో నికొలాయ్‌లు ముగ్గురు ముఖ్యులు: రొస్తోవ్ యువకుడు, ముసలి బొల్కోన్‌స్కీ, చివర్లో అంద్రేయ్ కొడుకు నికోలెంకా.

రష్యన్‌లో మనలాగే నువ్వు, మీరు ఉన్నాయి. ఇంగ్లీషు అనువాదంలో ఆ తేడా మాయమవుతుంది. తత్యానా ఒనేగిన్‌కి రాసిన ఉత్తరం ‘మీరు’తో మొదలై మధ్యలో ‘నువ్వు’లోకి జారుతుంది. తెలుగు చదువరికి ఇది వివరించక్కర్లేదు, కానీ పేపర్‌లో రాస్తే మంచి గమనిక. అయితే రష్యన్ పాఠంలోనో, నోట్స్ ఉన్న ఎడిషన్‌లోనో సరిచూసుకున్నాకే రాయాలి.

పేపర్‌లో పాత్రలను ఇంటిపేరుతో రాయడం వాడుక: రస్కోల్నికొవ్, బజారొవ్, పెచోరిన్. అన్నా, సోన్యా, పియేర్, నతాషా లాంటివి మినహాయింపులు. మొదట ఏ రూపం రాశారో చివరిదాకా అదే రాయండి.

తెలియకపోతే కథ అందని కొన్ని సంగతులు

పీటర్ చక్రవర్తి 1722లో ప్రవేశపెట్టిన హోదాల పట్టికలో 14 తరగతులు. గొగోల్ ‘ఓవర్‌కోట్’లో అకాకీ అకాకియెవిచ్ తొమ్మిదో తరగతి గుమస్తా. ‘ముక్కు’లో కొవల్యోవ్ ఎనిమిదో తరగతి. ఈ రెంటి మధ్య తేడా ఒక్క అంకె కాదు. 1845 దాకా సివిల్ ఉద్యోగాల్లో ఎనిమిదో తరగతికి చేరితే వంశపారంపర్యంగా కులీనుడయ్యేవాడు. ‘ముక్కు’ 1836లో, ‘ఓవర్‌కోట్’ 1842లో వచ్చాయి, అంటే ఆ నియమం నడుస్తున్న రోజుల్లోనే. తొమ్మిదిలో ఆగిపోయినవాడు గడప ముందు ఆగిపోయినవాడు. అకాకీ జీతం ఏడాదికి 400 రూబుళ్ళు, కోటుకి 80. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు, కథ ఎక్కడ నొక్కుతోందో తెలుస్తుంది.

‘మృతజీవులు’లో వ్యాపారం చాలామందికి చివరిదాకా అర్థం కాదు. భూస్వామి తన అర్ధబానిస రైతుల తలకొక పన్ను కట్టాలి. లెక్కింపు కొన్నేళ్ళకోసారి జరుగుతుంది. రెండు లెక్కింపుల మధ్య చనిపోయినవాళ్ళు కాగితం మీద బతికే ఉంటారు, వాళ్ళకూ పన్ను పడుతుంది. చిచికొవ్ ఆ చనిపోయినవాళ్ళను చవగ్గా కొని, బతికున్నట్టు చూపించి తాకట్టు పెట్టి అప్పు తీయాలని చూస్తాడు. అర్ధబానిసత్వం రద్దయింది 1861లో. తుర్గేనెవ్ ‘తండ్రులు–కొడుకులు’ 1862లో వచ్చింది గానీ కథ నడిచేది 1859లో, రద్దుకు ముందు. ఈ సంవత్సరం తెలియకపోతే కిర్సానొవ్ ఎస్టేట్‌లోని ఇబ్బందులు అర్థం కావు.

తేదీల సంగతి చిన్నదే. రష్యా 1918 దాకా జూలియన్ క్యాలెండర్ వాడింది. 19వ శతాబ్దపు తేదీకి 12 రోజులు, 20వ శతాబ్దానికి 13 కలిపితే మన తేదీ. ఒక వెర్స్తా దాదాపు కిలోమీటరు, ఒక పూద్ 16 కిలోల పైన. పీటర్స్‌బర్గ్ 1914లో పెత్రోగ్రాద్, 1924లో లెనిన్‌గ్రాద్, 1991లో మళ్ళీ పీటర్స్‌బర్గ్.

పెద్ద నవలలు చాలావరకు ముందు పత్రికల్లో విడతలుగా వచ్చాయని మరిచిపోవద్దు. 1866లో ‘రూస్కీ వేస్త్‌నిక్’ పత్రిక చందాదారులు ‘నేరము–శిక్ష’నీ, ‘యుద్ధము–శాంతి’ తొలి భాగాలనూ ఒకే పత్రికలో చదివారు. అదే పత్రిక ‘అన్నా కరేనినా’ ఎనిమిదో భాగాన్ని వేయలేదు. సెర్బియా యుద్ధానికి వెళ్ళే వాలంటీర్ల మీద టాల్‌స్టాయ్ చూపిన అవిశ్వాసం సంపాదకుడు కత్కొవ్‌కి నచ్చలేదు. రచయిత దాన్ని 1877లో విడిగా అచ్చేసుకున్నాడు. అన్నా చనిపోయాక కూడా నవల ఎందుకు సాగిందన్న ప్రశ్నకు ఇది జవాబు కాదు గానీ, ప్రశ్నను పదునుపెడుతుంది.

20వ శతాబ్దానికి వచ్చాక ప్రతి పుస్తకానికీ రెండు తేదీలు రాసుకోవాలి: రాసిన ఏడు, స్వదేశంలో అచ్చయిన ఏడు. జమ్యాతిన్ ‘మేము’ 1920–21లో రాశాడు, ఇంగ్లీషులో 1924లో వచ్చింది, సోవియట్ యూనియన్‌లో 1988లో. ప్లతోనొవ్ ‘పునాది గుంట’ 1930 నాటిది, అక్కడ అచ్చయింది 1987లో. అఖ్మతోవా ‘రెక్వియెమ్’ ప్రధానంగా 1935–40 మధ్య రాసింది, 1963లో మ్యూనిక్‌లో, 1987లో స్వదేశంలో వచ్చింది. ‘డాక్టర్ జివాగో’ 1957లో ఇటలీలో, 1988లో స్వదేశంలో. ఈ పట్టిక లేనివాళ్ళు “1930ల పాఠకులను బుల్గాకోవ్ నవల కుదిపేసింది” లాంటి వాక్యాలు రాస్తారు. ఆ నవలకు 1930ల్లో, నమ్మకస్తులైన కొందరు శ్రోతలు తప్ప, పాఠకులే లేరు.

పెన్సిల్‌తో చదవడం

ప్రతి అధ్యాయం చివర ఖాళీలో ఒకే ఒక్క వాక్యం రాయండి: ఏం జరిగింది, ఎవరి చూపులో. అంతకు మించి సారాంశం వద్దు. గుర్తులు నాలుగు చాలు. పదే పదే వచ్చే వస్తువుకో భంగిమకో వలయం. కథకుడు నేరుగా పాఠకుడితో మాట్లాడిన చోట నిలువు గీత. కాలం, తేదీ, వయసు కనిపిస్తే కింద గీత. అర్థంకాని చోట ప్రశ్నార్థకం. ప్రశ్నార్థకాలే తర్వాత పేపర్లవుతాయి. పేజీ నిండా రంగు పూస్తే ఏదీ గుర్తు పెట్టనట్టే.

ఎక్కడ ఏం వెతకాలన్నది రచయితను బట్టి మారుతుంది. టాల్‌స్టాయ్‌లో శరీరం మీది వివరం చూడండి: ‘యుద్ధము–శాంతి’లో చిన్న రాకుమారి పై పెదవి, ‘అన్నా కరేనినా’లో కరేనిన్ వేళ్ళు విరుచుకునే చప్పుడు. ‘అన్నా కరేనినా’ మొదటి భాగం 18వ అధ్యాయంలో రైలు కింద కాపలాదారు నలిగిపోతాడు. అక్కడ వలయం పెట్టినవాళ్ళకు ఏడో భాగంలో పని సులువవుతుంది. దొస్తొయెవ్‌స్కీలో కాలం లెక్కపెట్టండి. ‘నేరము–శిక్ష’ ప్రధాన కథ మండు జూలైలో సుమారు రెండు వారాలే, హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది. మిగతా అయిదు భాగాలు ఎవరు చేశారన్నది కాదు, ఎందుకు చేశారన్నది, దానికీ రస్కోల్నికొవ్ ఒకటి కాదు అనేక కారణాలు చెబుతాడు. ఎక్కడెక్కడ ఏ కారణం చెప్పాడో వరుసగా రాసుకుంటే అదే ఒక మంచి పేపర్‌కి పునాది.

లేర్మొంతొవ్ ‘మన కాలపు వీరుడు’కి (1840) కాలరేఖ గీయకుండా క్లాసుకి వెళ్ళకూడదు. అయిదు భాగాలూ జరిగిన వరుసలో లేవు. పెచోరిన్ పర్షియా నుంచి తిరిగొస్తూ చనిపోయాడన్న వార్త పుస్తకం మధ్యలో, అతని డైరీకి రాసిన ముందుమాటలో వస్తుంది. ఆ తర్వాత చదివేదంతా చనిపోయినవాడి గొంతు. ఒక కాగితం మీద ఎడమవైపు చెప్పిన వరుస, కుడివైపు జరిగిన వరుస రాసి గీతలతో కలపండి. రష్యన్ ఫార్మలిస్టులు, అంటే రచన రూపం మీద దృష్టి పెట్టిన విమర్శకులు, ఫాబులా (జరిగిన వరుస), స్యుజెత్ (చెప్పిన వరుస) అని విడదీసినది ఇదే, సిద్ధాంతం క్లాసు వచ్చేసరికి మీకు చేతిలో ఉదాహరణ ఉంటుంది. ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ కూడా చావు కబురుతోనే మొదలవుతుంది. పన్నెండు అధ్యాయాల్లో దేనికెన్ని పేజీలు ఇచ్చాడో లెక్కపెడితే చావు దగ్గరపడేకొద్దీ నిడివి ఎలా కుంచించుకుపోతుందో కనిపిస్తుంది.

చెహోవ్ దగ్గర తొందరపడేవాళ్ళే ఎక్కువ నష్టపోతారు, ఇరవై పేజీలే కదా అని. ‘కుక్కపిల్లతో మహిళ’ (1899) నాలుగు భాగాలు. రెండో భాగంలో ఆమె కుమిలిపోతూ ఉంటే గూరొవ్ పుచ్చకాయ ముక్క కోసుకుని నింపాదిగా తింటాడు, అరగంట మౌనంగా గడుస్తుంది. కథకుడు ఒక్క తీర్పూ ఇవ్వడు. చెహోవ్ కథను రెండుసార్లు చదవాలి, రెండోసారి చివరి నుంచి మొదలుకి ఒక్కో భాగం చొప్పున.

కవిత్వం వారాల్లో అనువాదం ఒక్కటే చదివితే చేతికేమీ రాదు. రష్యన్ రాకపోయినా రికార్డింగ్ వినండి, ప్రాస చెవికి తెలుస్తుంది. ఒనేగిన్ చరణం 14 పంక్తులు: నాలుగేసి పంక్తుల మూడు గుంపులు, ఒక్కోదానికి ఒక్కో ప్రాస అమరిక, చివర ఒక ద్విపద. ఆ చివరి రెండు పంక్తుల్లో పుష్కిన్ తరచూ స్వరం మారుస్తాడు. ప్రతి చరణంలో అక్కడ ఆగి, ముందు చెప్పినదాన్ని బలపరిచాడా వెక్కిరించాడా చూడండి.

పేపర్

1500 పదాల పేపర్‌కి ఒక ప్రశ్న, మూడు నాలుగు ఉద్ధరణలు, ఒక వాదం. అంతే. “టాల్‌స్టాయ్‌లో మరణం” అన్నది విషయం, ప్రశ్న కాదు. “ఇవాన్ ఇల్యీచ్ చావు కబురు మొదట ఎందుకు చెప్పాడు, దానివల్ల తర్వాతి అధ్యాయాలు ఎలా చదవాల్సివస్తుంది” అన్నది ప్రశ్న.

మొదలు పది నుంచి ఇరవై పంక్తుల భాగం ఒకటి ఎంచుకోండి. దాన్ని చేత్తో రాసుకోండి. ఎవరు మాట్లాడుతున్నారు, కథకుడికి ఎంత తెలుసు, ఏ మాట తిరిగి వస్తోంది, వాక్యం ఎక్కడ తెగుతోంది, ఏం చెప్పకుండా వదిలేశాడు అని అడగండి. ఇలా ఒక పేజీ గమనికలు వచ్చాక అలాంటిదే నవలలో ఇంకెక్కడుందో చూడండి. రెండూ కలిసే చోటో, గొడవపడే చోటో వాదం పుడుతుంది. ఇందుకు రెండు రోజులు, రాయడానికి ఒకటి, దిద్దడానికి ఒకటి. చాలామంది దీన్ని తలకిందులు చేసి, వాదం ముందు రాసి దానికి సరిపోయే వాక్యాలు వెతుక్కుంటారు. చదివే ప్రొఫెసర్‌కి అది మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

దిద్దేటప్పుడు ప్రతి పేరా మొదటి వాక్యం ఒక్కటే చదవండి. అవన్నీ “తర్వాత అతను…” అని మొదలైతే మీరు రాసింది కథ. రచయిత జీవితంతో నవలను వివరించే పేరాలు కూడా కొట్టేయండి. దొస్తొయెవ్‌స్కీ 1849 డిసెంబరులో ఉత్తుత్తి మరణశిక్ష నాటకం ఎదుర్కొన్నాడు, కాల్పుల ముందు క్షణంలో శిక్ష మార్చి సైబీరియా పంపారు. నిజమే, భయంకరమే. కానీ రస్కోల్నికొవ్ ఒక వాక్యాన్ని ఎందుకు మధ్యలో ఆపేశాడో అది చెప్పదు.

ప్రసిద్ధ వాక్యాలతో జాగ్రత్త. “అందమే ప్రపంచాన్ని రక్షిస్తుంది” అని దొస్తొయెవ్‌స్కీ అన్నాడని రాస్తుంటారు. ‘ఇడియట్’లో అది మీష్కిన్ అన్న మాటగా ఇప్పొలీత్ చెబుతాడు, కాస్త వెటకారంగా. మీష్కిన్ ఆ వాక్యం పలకడం మనం ఎక్కడా వినం. “దేవుడు లేకపోతే అన్నీ చెల్లుతాయి” అన్న ‘కరమజోవ్ సోదరులు’లోని ఇవాన్ ఆలోచన మనకు మొదట మియూసొవ్ నోట, పుకారులా చేరుతుంది. “మనమంతా గొగోల్ ఓవర్‌కోట్‌లోంచి వచ్చినవాళ్ళమే” అన్నది దొస్తొయెవ్‌స్కీ రచనల్లో ఎక్కడా లేదు, ఫ్రెంచి విమర్శకుడు వొగ్యుయే పుస్తకం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. పాత్ర అన్నదీ, పాత్ర గురించి మరొకడు అన్నదీ, రచయిత అన్నదీ వేరువేరు. ఈ ఒక్కటి పాటిస్తే పేపర్ సగం మెరుగుపడుతుంది.

సిద్ధాంతం వాడితే ఒక్కదాన్నే, సరిగ్గా వాడండి. బఖ్తిన్ 1929లో, విస్తరించి 1963లో, దొస్తొయెవ్‌స్కీ నవల బహుస్వరమని వాదించాడు. దానర్థం చాలామంది మాట్లాడతారని కాదు, అది ప్రతి నవలలో జరిగేదే. పాత్రల గొంతులు రచయిత గొంతుకు లోబడకుండా దానితో సమానంగా నిలబడతాయని. శ్క్లోవ్‌స్కీ 1917 వ్యాసంలో చెప్పిన అపరిచితీకరణకి, అంటే తెలిసినదాన్నే కొత్తగా, వింతగా చూపించడానికి, టాల్‌స్టాయ్ ఉదాహరణలే వాడాడు, గుర్రం కథ చెప్పే ‘హోల్‌స్తొమెర్’ వాటిలో ఒకటి. అదే పద్ధతిని మీరు ఎంచుకున్న భాగంలో వెతకండి, ఆయన ఉదాహరణను తిరిగి రాయకండి.

లైబ్రరీ వెతుకులాటలో అక్షరక్రమం అడ్డొస్తుంది. రష్యన్ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. టాల్‌స్టాయ్, దొస్తొయెవ్‌స్కీ పేర్ల చివర కొన్ని వ్యాసాల్లో వై ఉంటుంది, కొన్నింటిలో ఐ ఉంటుంది. రెండు రకాలుగానూ వెతకండి, పేపర్‌లో మాత్రం ఒకే పద్ధతి.

పరీక్ష

తరచూ అడిగేది: పేరు లేని పేరా ఇచ్చి, ఎవరిది, ఎక్కడిది, ఎందుకు ముఖ్యం అని. దీనికి బట్టీ పనికిరాదు, గొంతు గుర్తుపట్టాలి. వెనక్కి తిరిగి కథను పక్కదారి పట్టించే కథకుడు, పనికిరాని వివరాల వరద, లేనిదాన్ని గురించి పొడుగాటి వర్ణన ఉంటే గొగోల్. మనిషిని పరిచయం చేసి వెంటనే అతని కుటుంబ చరిత్రలోకి వెళ్తే తుర్గేనెవ్. ఒక గదిలో అవసరానికి మించిన జనం, “హఠాత్తుగా” అన్న మాట, అవమానం అంచున నడిచే సంభాషణ ఉంటే దొస్తొయెవ్‌స్కీ. ఒక మనిషి కదలికను చెప్పి, దాని మీద మనుషులందరికీ వర్తించే వ్యాఖ్య తగిలిస్తే టాల్‌స్టాయ్.

సిద్ధమవడానికి ఒక్కో పుస్తకం నుంచి మీరే నాలుగు పేరాలు ఎంచి, చీటీల మీద రాసి, వెనకవైపు భాగం, అధ్యాయం వేయండి. స్నేహితులతో మార్చుకుంటే ఇంకా మంచిది, మనం ఎంచినవి మనకు ఎలాగూ తెలుసు. ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు: రెండు నిమిషాలు చదవడానికి, ఒకటి స్థానం చెప్పడానికి, మిగతా తొమ్మిది ఆ పేరాలోని మాటల మీదే రాయడానికి. మొత్తం నవల గురించి రాయడం మొదలైతే ఆపి పేరాలోకి రండి. స్థానం కచ్చితంగా తెలియకపోతే “హత్యకు ముందు”, “ఉత్తరం చేరాక” అని దగ్గరి ఘట్టంతో చెప్పండి. తప్పు అధ్యాయం సంఖ్య కన్నా అది నయం.